తీగ తెగితే మోటారు ఆగాలి!

సొంతంగా వాటర్ ట్యాంకు కంట్రోలర్ తయారీ... చిన్న చిప్‌లో పెద్ద పాఠం

కాప్రా: మిద్దెపై ట్యాంకు నిండి నీరు వీధిలోకి ధారగా పడుతుంటుంది. కింద వెళ్లేవారు 'మోటారు ఆపండి' అని కేక వేసేదాకా ఇంట్లోవారికి తెలియదు. మరో రోజు ఇందుకు పూర్తిగా విరుద్ధం. సంపులో చుక్క నీరు లేకున్నా మోటారు తిరుగుతూనే ఉంటుంది. వైండింగ్ కాలిన వాసన వచ్చాకే స్విచ్చి గుర్తుకొస్తుంది. కాప్రా, ఏఎస్ రావు నగర్, సైనిక్‌పురి, కుషాయిగూడ... ఏ కాలనీలోనైనా వేసవి వచ్చిందంటే ఈ రెండు దృశ్యాలూ కొత్తవి కావు.

ఈ ఇబ్బందిని తీర్చే పరికరాన్ని ఎలక్ట్రానిక్స్‌పై ఆసక్తి ఉన్న విద్యార్థి ఎవరైనా సొంతంగా తయారు చేసుకోవచ్చు. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన బోర్డు, ఒక సెన్సార్, ఒక రిలే, పట్టుమని యాభై వరుసలు లేని ప్రోగ్రాం ఉంటే చాలు. బల్లపై పెట్టి చూస్తే ఆదివారం సాయంత్రానికల్లా అది పని చేస్తుంది కూడా. అసలు చిక్కు అక్కడే ఉంది. బల్లపై పని చేసింది మిద్దెపై పని చేయాలంటే ఇంకా చాలా దూరం నడవాలి. సెన్సార్ తీగను ఎలుక కొరికితే ఏమవుతుంది? కరెంటు పోయి వస్తే మోటారు ఏ స్థితిలో ఉంటుంది? రిలే అతుక్కుపోతే ఆపేదెవరు? ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో తయారు ప్రాజెక్టును కొనుక్కొచ్చి కళాశాలలో అప్పగించేవారికి ఈ ప్రశ్నలు ఎదురు కావు. ఎదురైనా జవాబు ఉండదు.

ఆ పేరు వెనుక...

ఈ ప్రశ్నలు వేసుకోవడానికి కాప్రా కంటే తగిన చోటు మరొకటి ఉండదేమో. ఇక్కడి ఏఎస్ రావు నగర్ ఏ రాజకీయ నాయకుడి పేరునో మోస్తున్నది కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోను, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లోను చదువుకున్నారు. హోమీ భాభా బృందంలో చేరి అణుశక్తి కార్యక్రమానికి ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిర్మించారు. 1956 ఆగస్టు 4న ట్రాంబేలో దేశపు తొలి రియాక్టర్ 'అప్సర' పని ప్రారంభించినప్పుడు దాని నియంత్రణ పరికరాలను రూపొందించినది ఆయన నాయకత్వంలోని బృందమే. కొనుక్కోవడానికి వీలున్నదాన్ని కూడా తయారు చేసి నేర్చుకోవాలన్నది ఆ తరం పట్టుదల. ఆ పట్టుదల నుంచే 1967 ఏప్రిల్ 11న అణుశక్తి విభాగం కింద హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ పుట్టింది. అందరి నోటా అది ఈసీఐఎల్. ఆయన దానికి తొలి మేనేజింగ్ డైరెక్టర్. పక్కనే 1971లో అణు ఇంధన సముదాయం, అంటే ఎన్ఎఫ్‌సీ వచ్చింది. ఈ రెండింటి చుట్టూ ఉద్యోగుల కాలనీలు పెరిగాయి. 2007లో కాప్రా మున్సిపాలిటీ మహానగర పాలక సంస్థలో విలీనమయ్యే నాటికి ఈసీఐఎల్ అన్నది కంపెనీ పేరుగానే కాక చౌరస్తా పేరుగా, బస్సుల బోర్డుపై గమ్యస్థానంగా కూడా స్థిరపడిపోయింది.

ఆ ప్రాంగణంలో టీడీసీ-12 కంప్యూటరు తయారైంది. టీడీసీ అంటే ట్రాంబే డిజిటల్ కంప్యూటర్. 1969 నాటి ఆ యంత్రం పెద్ద బీరువా అంత ఉండేది. ఇప్పుడు విద్యార్థి జేబులో పట్టే చిప్ వేగంలో దానిని ఎన్నో రెట్లు మించిపోయింది. అయితే చేసే పని స్వభావం మారలేదు. బయటి ప్రపంచం నుంచి ఒక సంకేతాన్ని తీసుకోవడం, దానిని ఒక హద్దుతో పోల్చడం, బయటికి ఒక ఆజ్ఞ పంపడం... అణు రియాక్టరుకైనా నీళ్ల ట్యాంకుకైనా ఇంతే.

చిప్‌లో ఏముంది?

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటరు. లెక్కలు చేసే భాగం, ప్రోగ్రాం దాచుకునే జ్ఞాపకం, పనిలో ఉన్నప్పుడు అంకెలు రాసుకునే పలక వంటి మరో జ్ఞాపకం, బయటి తీగలను కలిపే కాళ్లు... అన్నీ అందులోనే ఉంటాయి. ఇంట్లోని వాషింగ్ మెషీన్, రిమోట్, ఇన్వర్టర్, కరెంటు మీటరు, ద్విచక్ర వాహనంలోని ఇంధన నియంత్రణ అన్నింటిలోనూ ఉన్నది ఇదే. పెద్ద కంప్యూటరు ఎన్నో పనులు చేస్తుంది. ఇది ఒకే పనిని కరెంటు ఉన్నంతకాలం చేస్తూనే ఉంటుంది.

మన ఇంజినీరింగ్ కళాశాలల్లో తరతరాలుగా నేర్పుతున్నది 8051. ఇంటెల్ సంస్థ 1980లో దీనిని తెచ్చింది. ప్రోగ్రాం కోసం 4,096 బైట్లు, పలకగా 128 బైట్లు, బయటి ప్రపంచంతో మాట్లాడడానికి 32 కాళ్లు. ఈ మాత్రం సరంజామాతోనే ఒక తరం ఇంజినీర్లు ట్రాఫిక్ దీపాల నుంచి పారిశ్రామిక మీటర్ల దాకా తయారు చేశారు. ల్యాబులో ఆ చిప్ పక్కన కనిపించే క్రిస్టల్‌పై 11.0592 అన్న వింత అంకె ఉంటుంది. గుండుగా 12 మెగాహెర్ట్‌జ్ పెట్టకుండా ఇదేమిటని చాలామంది అడగరు, చాలామంది చెప్పరు. కారణం సులువే. ఈ అంకెను 12తో, 32తో, 3తో వరుసగా భాగిస్తే సెకనుకు సరిగ్గా 9,600 బిట్లు వస్తాయి. కంప్యూటరుతో తీగపై మాట్లాడడానికి వాడే వేగం అది. 12 మెగాహెర్ట్‌జ్ క్రిస్టల్‌ను అలాగే భాగిస్తే సుమారు 10,417 వస్తుంది. ఎనిమిది శాతానికి పైగా తేడా. తెరపై అక్షరాలకు బదులు చెత్త కనిపిస్తుంది. తయారు ప్రాజెక్టులో క్రిస్టల్ ఎలాగూ సరైనదే బిగించి ఉంటుంది కాబట్టి ఈ విషయం ఎన్నటికీ తెలియకుండా పోతుంది.

2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో డిజైన్ విద్యార్థుల కోసం పుట్టిన ఆర్డ్వినో బోర్డు ఈ విద్యను కళాశాల గోడలు దాటించింది. ఎక్కువగా దొరికే ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్‌లో ప్రోగ్రాంకు 32 కిలోబైట్లు, పలకగా 2 కిలోబైట్లు ఉంటాయి. వేగం 16 మెగాహెర్ట్‌జ్. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలిస్తే ప్రోగ్రాం ఎక్కుతుంది. వైఫై కావాలంటే 2016 నుంచి దొరుకుతున్న ఈఎస్‌పీ 32 ఉంది. ట్యాంకు పనికి వైఫై అక్కర్లేదు. ఫోనులో నీటిమట్టం చూసుకోవాలన్న సరదా ఉంటే తరువాత చేర్చుకోవచ్చు. మోటారు ఆగడం మాత్రం ఇంటర్నెట్‌పై ఆధారపడకూడదు.

నీటిని కొలిచేదెలా?

ట్యాంకులో నీరెంత ఉందో చిప్‌కు చెప్పే దారులు మూడు. మొదటిది, వేర్వేరు ఎత్తుల్లో లోహపు కడ్డీలు వేలాడదీయడం. నీరు తగిలితే సర్క్యూట్ పూర్తవుతుంది. అందరూ మొదట ఇదే చేస్తారు, కొన్ని వారాలకే విసుగు చెందుతారు. ఎల్లవేళలా ఒకే దిశలో కరెంటు ప్రవహిస్తే ఒక కడ్డీ కరిగిపోతూ ఉంటుంది. బోరు నీటిలోని సున్నం వాటిపై పేరుకుంటుంది. కొలిచే క్షణంలో మాత్రమే కరెంటు ఇచ్చి వెంటనే తీసేస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడితే కొంత కాలం నిలుస్తాయి.

రెండోది ధ్వనితో కొలవడం. మనిషి చెవికి వినిపించని 40 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని ట్యాంకు మూత నుంచి కిందికి పంపితే నీటిని తాకి తిరిగి వస్తుంది. పట్టిన కాలాన్ని మైక్రోసెకన్లలో లెక్కించి 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో తెలుస్తుంది. 1,740 మైక్రోసెకన్లు పడితే నీరు 30 సెంటీమీటర్ల కింద ఉన్నట్టు. ఈ 58 అన్న అంకె గది ఉష్ణోగ్రత వద్ద గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుందన్న లెక్క నుంచి వచ్చింది. మే నెలలో నల్లటి ప్లాస్టిక్ ట్యాంకు లోపలి గాలి 42 డిగ్రీలకు చేరితే ధ్వని 357 మీటర్ల వేగంతో పోతుంది. అప్పుడు మీటరు దూరం 96 సెంటీమీటర్లుగా కనిపిస్తుంది. ట్యాంకుకు ఇది పెద్ద తప్పేమీ కాదు. తప్పు ఎంతో, ఎందుకో తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. అన్నట్టు, మామూలు సెన్సార్‌ను ఆవిరికి బలి చేయకుండా నీరు చొరని రకాన్నే తీసుకోవాలి. ఆ రకం సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరి దూరాన్ని కొలవలేదు. అంత ఎత్తులో బిగించాల్సి ఉంటుంది.

మూడోది, పాతదే అయినా ఇప్పటికీ తిరుగులేనిది తేలే బంతి స్విచ్చి. నీటితో పాటు లేస్తుంది, ఒక ఎత్తులో స్విచ్చి తెరుచుకుంటుంది. ఎంత నీరుందో చెప్పలేదు. నిండిందా లేదా అన్నది మాత్రం ఏళ్ల తరబడి తప్పు లేకుండా చెబుతుంది. మోటారును ఆపే బాధ్యత దీనికి అప్పగించి, ఎంత నిండిందో చూపే ముచ్చటను ధ్వని సెన్సార్‌కు వదిలేయడం ఉత్తమం.

యాభయ్యో రోజు ఆగిన ప్రోగ్రాం

'నీరు తక్కువైతే వేయి, నిండితే ఆపు' అన్న ఒక్క వాక్యంతో ప్రోగ్రాం రాస్తే మోటారు నిమిషానికి పదిసార్లు వేసి ఆపేస్తుంది. పైపు నుంచి నీరు పడుతుంటే అలలు లేస్తాయి, మట్టం హద్దుకు అటూ ఇటూ ఊగుతుంది. అందుకే వేసే హద్దును, ఆపే హద్దును వేరుగా ఉంచాలి. నాలుగో వంతుకు పడిపోతే వేయాలి, దాదాపు నిండితే ఆపాలి. మధ్యలో ఉంటే ఏ స్థితిలో ఉన్నదో ఆ స్థితిలోనే ఉండనివ్వాలి. మీట నొక్కినప్పుడు కూడా ఇలాంటి ఊగిసలాటే. లోహపు ముక్కలు తాకగానే కొన్ని మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. మనిషి ఒకసారి నొక్కితే చిప్ ఐదారు సార్లుగా లెక్కిస్తుంది. 20 మిల్లీసెకన్లు ఆగి మళ్లీ చూడమని రాస్తే తీరిపోతుంది.

కాలాన్ని లెక్కించేటప్పుడే పెద్ద పొరపాట్లు జరుగుతాయి. మోటారు 40 నిమిషాలకు మించి తిరగకూడదని నియమం పెట్టుకుని, అన్ని నిమిషాలూ 'ఆగు' అన్న ఆజ్ఞ ఇచ్చేస్తే చిప్ ఆ 40 నిమిషాలూ కళ్లు మూసుకుంటుంది. ట్యాంకు పొంగినా చూడదు. గడియారాన్ని చూస్తూ, మధ్యమధ్య సెన్సార్‌నూ చూసే విధంగా రాయాలి. ఆ గడియారానికీ ఒక తిరకాసు ఉంది. ఆర్డ్వినో మిల్లీసెకన్లను 32 బిట్ల అంకెలో లెక్కిస్తుంది. ఆ అంకె నిండిపోవడానికి 49.7 రోజులు పడుతుంది. తరువాత సున్నా నుంచి మళ్లీ మొదలు. 'ఇప్పటి సమయం ఆపాల్సిన సమయాన్ని దాటిందా?' అని పోల్చిన ప్రోగ్రాం నెలన్నర పైచిలుకు చక్కగా పని చేసి యాభయ్యో రోజు దారి తప్పవచ్చు. 'మొదలుపెట్టి ఎంతసేపైంది?' అని తీసివేతతో లెక్కిస్తే, అంకెలను రుణ సంఖ్యలు లేని రకంగా ప్రకటిస్తే, సున్నాకు తిరిగినా జవాబు సరిగ్గానే వస్తుంది. వైవా రోజున పది నిమిషాలు చూపించే ప్రాజెక్టులో ఈ తప్పు బయటపడే అవకాశమే లేదు.

రిలే దగ్గరే దెబ్బ

ఎక్కువ మంది దెబ్బ తినేది మాత్రం ప్రోగ్రాం దగ్గర కాదు, రిలే దగ్గర. బజారులో దొరికే నీలం రంగు చిన్న రిలేపై '10 ఆంపియర్లు' అని ఉంటుంది. ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు తిరిగేటప్పుడు తీసుకునేది ఐదారు ఆంపియర్లే కదా, సరిపోతుందన్న లెక్కతో నేరుగా తగిలించేస్తారు. మోటారు మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుందన్న సంగతి మరిచిపోతారు. ఆ తాకిడికి రిలే లోపలి ముక్కలు ఒకదానికొకటి వెల్డింగ్ చేసినట్టు అతుక్కుపోతాయి. చిప్ 'ఆపు' అంటుంది, తెరపై 'ఆగింది' అని కనిపిస్తుంది, మోటారు మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

అందుకు మార్గం అంచెలంచెలుగా పోవడమే. చిప్ కాలు నుంచి వచ్చే కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు దాటకుండా చూడాలి. 5 వోల్టుల రిలే చుట్టకు 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. కనుక మధ్యలో బీసీ 547 వంటి ట్రాన్సిస్టర్ ఉండాలి. రిలే చుట్టకు అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్‌ను తిరగేసి బిగించాలి. లేకుంటే చుట్ట ఆగిన క్షణంలో ఎదురు తన్నే వోల్టేజి ట్రాన్సిస్టర్‌ను చంపేస్తుంది. ఆ రిలే మోటారును కాకుండా స్టార్టరులోని కాంటాక్టర్ చుట్టను మాత్రమే నడపాలి. మోటారు భారమంతా మోయవలసినది కాంటాక్టరే. దాని కోసమే అది పుట్టింది. స్టార్టరులోని ఓవర్‌లోడ్ రక్షణను ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పించకూడదు. మూడు ఫేజుల మోటారైతే ఒక ఫేజు పోయినప్పుడు ఆపే రక్షణ కూడా తప్పనిసరి.

కాంటాక్టర్ తెరుచుకున్నప్పుడల్లా చిప్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతోందన్నది తరచూ వినిపించే మరో ఫిర్యాదు. ఆ నిప్పురవ్వ పుట్టించే అలజడి తీగల గుండా చిప్‌ను చేరుతుంది. ప్రతి చిప్ కరెంటు కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, కాంటాక్టర్ చుట్టకు అడ్డంగా స్నబ్బర్, సెన్సార్ తీగలను కరెంటు తీగలకు దూరంగా లాగడం... ఈ మూడింటితో చాలావరకు సద్దుమణుగుతుంది. అప్పటికీ ప్రోగ్రాం ఎక్కడైనా చిక్కుకుంటే చిప్‌లోనే ఉండే వాచ్‌డాగ్ అనే కాపలా గడియారం దానిని తట్టి లేపుతుంది. ఏటీమెగాలో దీనిని 8 సెకన్ల దాకా పెట్టుకోవచ్చు.

రియాక్టరులోనూ ఇదే సూత్రం

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒకటి పాడవక తప్పదు. పాడైనప్పుడు ఏ వైపు ఒరగాలన్నదే అసలు ప్రశ్న. ఈసీఐఎల్ దశాబ్దాలుగా నియంత్రణ పరికరాలు అందిస్తున్న అణు విద్యుత్ కేంద్రాల్లో దీనికి స్పష్టమైన జవాబు ఉంది. రియాక్టరును ఆపే కడ్డీలను విద్యుదయస్కాంత బలం పైన పట్టి ఉంచుతుంది. కరెంటు పోతే పట్టు వదులుతుంది, కడ్డీలు తమ బరువుతో తామే జారి రియాక్టరు ఆగిపోతుంది. ఆపడానికి ఎవరి ఆజ్ఞా అక్కర్లేదు, నడవడానికే ఆజ్ఞ కావాలి.

మిద్దెపై ట్యాంకుకూ ఈ సూత్రాన్నే వర్తింపజేయవచ్చు, అదీ పైసా అదనపు ఖర్చు లేకుండా. నీరు తక్కువగా ఉన్నంతసేపు మూసి ఉండి, నిండగానే తెరుచుకునే విధంగా బంతి స్విచ్చిని తగిలించాలి. తీగను ఉడుతో ఎలుకో కొరికితే సర్క్యూట్ తెరుచుకుంటుంది. చిప్‌కు అది 'ట్యాంకు నిండింది' అన్నట్టే కనిపిస్తుంది. మోటారు ఆగుతుంది. ఇంట్లో నీళ్లు రావడం లేదని గమనించి ఎవరో ఒకరు పైకెక్కి చూస్తారు. ఇదే స్విచ్చిని తిరగేసి, నిండితే మూసుకునేలా పెడితే బల్లపై రెండూ ఒకేలా పని చేస్తాయి. తీగ తెగిన రోజున మాత్రం మోటారు ఇక ఆగదు. సంపులోని స్విచ్చికి వరుస ఇందుకు తలకిందులు. అక్కడ నీరు ఉన్నంతసేపు మూసి ఉండాలి, అయిపోతే తెరుచుకోవాలి. తెగిన తీగ 'నీరు లేదు' అని చెప్పాలి.

రిలే అతుక్కుపోతే ప్రోగ్రాం ఏమీ చేయలేదు. అందుకే కాంటాక్టర్ చుట్టకు పోయే తీగలో, చిప్‌తో సంబంధం లేకుండా, పై హద్దుకు కాస్త ఎగువన మరో బంతి స్విచ్చిని వరుసలో కలపడం మంచిది. చిప్ మతి తప్పినా అది ఆపుతుంది. రియాక్టర్లలో ఒకే కొలతను మూడు వేర్వేరు సెన్సార్లతో తీసుకుని, రెండు ఒప్పుకుంటే నిర్ణయం తీసుకునే పద్ధతి ఉంది. దీనిని చదివిన విద్యార్థులు కొందరు ఒకే సెన్సార్‌ను మూడుసార్లు చదివి అదే పని చేశామనుకుంటారు. ఊగిసలాటను తగ్గించడానికి అది పనికొస్తుంది. సెన్సారే పాడైతే మూడుసార్లూ ఒకే అబద్ధం చెబుతుంది.

ఓటింగ్ యంత్రం ఏం చెబుతోంది?

ఈ ప్రాంతపు ఎలక్ట్రానిక్స్‌లో ఇంటింటికీ తెలిసినది ఓటింగ్ యంత్రం. దేశంలో ఈవీఎంలు తయారు చేసేవి రెండే సంస్థలు. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండోది ఈసీఐఎల్. 1982 మేలో కేరళలోని పరూరులో 50 పోలింగ్ కేంద్రాల్లో తొలిసారి వాడారు. చట్టంలో ఇందుకు చోటు లేదని సుప్రీంకోర్టు 1984లో తేల్చడంతో ఆగిపోయింది. చట్టాన్ని సవరించాక మళ్లీ మొదలై 2004 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశమంతటికీ విస్తరించింది. ఔత్సాహికులు గమనించవలసినది దాని పరిమితులను. అది బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు లేని పల్లెలోనూ ఆగదు. అందులోని చిప్‌లో ప్రోగ్రాంను ఒక్కసారే రాస్తారు, తిరిగి రాయడానికి వీలుండదు. ఒక బ్యాలెట్ యూనిట్‌పై 16 మీటలే ఉంటాయి. ఎక్కువ మంది బరిలో ఉంటే యూనిట్లను గొలుసుగా కలపాలి.

ఆ గొలుసుకు నిజమైన పరీక్ష 2019లో నిజామాబాద్‌లో ఎదురైంది. పసుపు, ఎర్రజొన్న రైతులు తమ గోడు వినిపించడానికి పెద్ద సంఖ్యలో నామినేషన్లు వేయడంతో లోక్‌సభ బరిలో 185 మంది నిలిచారు. నోటాతో కలిపి 186. ఒక్కో యూనిట్‌కు 16 చొప్పున పంచితే ప్రతి పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు కావాలి. పాత ఎం-2 రకం యంత్రానికి నాలుగు యూనిట్లే, అంటే 64 పేర్లే తగులుతాయి. 24 యూనిట్ల దాకా, అంటే 384 పేర్ల దాకా మోయగల ఎం-3 రకం అప్పటికే సిద్ధంగా ఉండబట్టి పని జరిగింది. పోలింగ్ జరిగినది ఏప్రిల్ 11న. యాదృచ్ఛికమే అయినా, ఈసీఐఎల్ పుట్టిన రోజు అది.

సామగ్రి, సాధన

విడి భాగాలకు నగరంలో పాత చిరునామా కోఠిలోని గుజరాతీ గల్లీ. రెసిస్టర్ నుంచి కాంటాక్టర్ దాకా దొరుకుతాయి. ట్రాన్సిస్టర్ నంబరు చెబితే దానికి బదులుగా ఏది సరిపోతుందో చెప్పే దుకాణదారులు అక్కడ ఉన్నారు. ఆ విద్య ఆన్‌లైన్‌లో దొరకదు. బోర్డు, సెన్సార్, రిలే, చిన్న పవర్ సప్లై కలిపి వందల రూపాయల్లోనే వస్తాయి. ఖర్చు తగ్గించకూడనిది కాంటాక్టర్, తీగలు, నీరు చొరని పెట్టె దగ్గరే. టంకం వేయడం నేర్చుకోవడానికి మల్టీమీటర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. పెట్టెలు, సర్క్యూట్ బోర్డులు వృత్తి నైపుణ్యంతో చేయించుకోవాలనుకునేవారికి రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టీ-వర్క్స్ ఉంది. 78 వేల చదరపు అడుగుల్లో నమూనాల తయారీకి కావలసిన యంత్రాలు అక్కడ ఏర్పాటు చేశారు.

చదువుకునేవారు ఒక వరుస పాటిస్తే మంచిది. ముందు ఎల్ఈడీ వెలిగించడం, తరువాత మీట చదవడం, ఆపైన సెన్సార్, ఆ తరువాతే రిలే. 230 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి ఔత్సాహికుడు వెనక్కి తగ్గి, పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. తడిసిన మిద్దె, చెప్పులు లేని కాళ్లు, ఎర్తింగ్ లేని మోటారు... ఈ మూడూ కలిసిన చోట రెండో అవకాశం ఉండదు. మోటారు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల వద్ద పడిపోయే ఆర్‌సీసీబీ ఉండి తీరాలి. పెట్టెలో 5 వోల్టుల వైపును, 230 వోల్టుల వైపును మధ్యలో అడ్డుగోడతో విడదీయాలి.

తయారైన పెట్టెను మోటారుకు తగిలించే ముందు కాంటాక్టర్ స్థానంలో బల్బు పెట్టి వారం రోజులు నడిపి చూడాలి. ఆ వారంలో చేయవలసిన పరీక్షలు ప్రోగ్రాం కంటే ముఖ్యమైనవి. బల్బు వెలుగుతుండగా ట్యాంకు తీగను లాగేయాలి, ఆరిపోవాలి. సంపు తీగను లాగేయాలి, ఆరిపోవాలి. మెయిన్ ఆపి వేయాలి. కరెంటు వచ్చాక వెంటనే వెలగకుండా, కొద్ది నిమిషాలు ఆగి, సెన్సార్లను చూసుకున్నాకే వెలగాలి. చిప్‌ను సాకెట్ నుంచి పీకేసినా ఆరిపోవాలి. వీటిలో ఒక్కటి తప్పినా పెట్టె మళ్లీ బల్లపైకి రావాల్సిందే.

కళాశాలల్లో ఈ పరీక్షలకు మార్కులు కేటాయించడం కష్టమేమీ కాదు. తెరపై అంకెలు చూపించమని అడిగే బదులు పరీక్షకుడు చేతిలో కట్టర్ పట్టుకుని ఏదో ఒక తీగ తెంపితే చాలు. కొనుక్కొచ్చినదేదో, కూర్చుని చేసినదేదో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. చేసినవాడు ఏ తీగ తెగితే ఏమవుతుందో ముందే చెబుతాడు. కొన్నవాడు తీగ తెగాక చూసి తెలుసుకుంటాడు.

ఇంటి పెట్టెలో మరో రెండు వస్తువులు తప్పక ఉండాలి. ఒకటి, పరికరం మొరాయించిన రోజున పాత పద్ధతిలో మోటారు వేసుకోవడానికి 'ఆటో-మాన్యువల్' స్విచ్చి. చేసినవాడు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లాక ఇంట్లోవారు నీళ్ల కోసం ఫోను చేసి అడగవలసిన అవసరం రాకూడదు. రెండోది, మూత లోపలి వైపు అతికించిన కాగితం. ఏ రంగు తీగ ఎక్కడికి పోతుందో, ఏ హద్దు ఎంత పెట్టారో, ఏ తేదీన బిగించారో తెలుగులో రాసి ఉంచితే తరువాత వచ్చే ఎలక్ట్రీషియన్ పెట్టెను పీకి పారేయకుండా బాగు చేస్తాడు.